తెలిసిన కథ, తెలియని భాష

సరదాకి ఓ కొత్త భాష నేర్చుకుందామనుకునేవాళ్ళు మొదట అడిగేది "ఏ భాష సులువండీ?" అని. ఆ వెంటనే "ఎన్నాళ్ళు పడుతుంది?" అని. ఈ రెండూ పరీక్షకు కూర్చునేవాళ్ళు అడగాల్సిన ప్రశ్నలు. ఉద్యోగానికో వీసాకో భాష కావలసినవాళ్ళకు గడువుంటుంది, మార్కులుంటాయి, కట్టిన ఫీజు ఉంటుంది. ఆ మూడూ కలిసి వాళ్ళను చివరిదాకా లాక్కుపోతాయి. సరదాకి నేర్చుకునేవాళ్ళకు అవేవీ లేవు. ఒక వారం చుట్టాలొస్తారు, ఇంకో వారం జ్వరమొస్తుంది, ఆపై వారానికి పుస్తకం అటకెక్కుతుంది. కాబట్టి వాళ్ళను లాగేది ఇంకొకటేదో ఉండాలి. అది ఒక కథ అయితే మంచిదని నా గట్టి నమ్మకం. చిన్నప్పటినుంచీ విన్నది, మీ ఊరిది, ఎన్నిసార్లు విన్నా విసుగు పుట్టనిది ఒకటి ముందు ఎంచుకోండి. భాష సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఈ అధ్యాయంలో శ్రీకాళహస్తినే ఉదాహరణగా తీసుకుంటున్నాను. దానికి కారణం ఉంది. తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపే, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఈ ఊరు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతంలో తెలుగు, తమిళం ఎప్పుడూ కలిసే బతికాయి. 1960లో తిరుత్తణి అవతలి రాష్ట్రానికి వెళ్ళినా, ఇవతల తమిళం మాట్లాడే ఇళ్ళూ అవతల తెలుగు మాట్లాడే ఇళ్ళూ అలాగే ఉండిపోయాయి. గుడికి వచ్చే జనం సరేసరి. రాహుకేతు పూజకని తమిళనాడునుంచీ కర్ణాటకనుంచీ ఉత్తరాదినుంచీ రోజూ వస్తూనే ఉంటారు. మాడ వీధుల్లో పూలమ్మే మనిషికి నాలుగు భాషల్లో బేరం ఆడటం వచ్చు. ఆమె ఏ పుస్తకమూ తెరవలేదు. ఆమెకు అవసరం నేర్పింది. మనకు ఆ అవసరం లేదు కనుక, కథను ఆసరా చేసుకుందాం.

ఒకే కథ, ఎన్ని గొంతులు

కన్నప్ప కథ ఈ ఊరిది. మనకు అతను తిన్నడు. రాయలవారి కాలపు కవి ధూర్జటి పదహారో శతాబ్దంలో 'శ్రీకాళహస్తి మాహాత్మ్యం'లో అతని కథ చెప్పాడు. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందే సేక్కిళార్ తమిళంలో 'పెరియపురాణం'లో చెప్పాడు. తమిళులకు అతను అరవై ముగ్గురు నాయనార్లలో ఒకడు, కణ్ణప్ప నాయనార్. సంబందర్, అప్పర్, సుందరర్ ముగ్గురూ ఈ క్షేత్రాన్ని తమిళంలో పాడారు. వాళ్ళ నోట ఈ ఊరి పేరు తిరుక్కాళత్తి. కన్నడ దేశంలో ఇదే కథ 1954లో 'బేడర కన్నప్ప' సినిమాగా వచ్చి రాజ్‌కుమార్‌ని కథానాయకుణ్ణి చేసింది. ఆ ఏడాదే తెలుగులో 'కాళహస్తి మహాత్యం' వచ్చింది. కన్నడం కాక మరో భాషలో రాజ్‌కుమార్ కథానాయకుడిగా నటించిన సినిమా అదొక్కటే. మరుసటి ఏడు హిందీలో 'శివభక్త' అయింది. 1976లో బాపు తీసిన 'భక్త కన్నప్ప' మనవాళ్ళందరికీ గుర్తే, 2025లో మళ్ళీ ఒకసారి తెరకెక్కింది.

ఇప్పుడు ఆలోచించండి. కొత్త భాషలో ఏదైనా వింటున్నప్పుడు మనసు రెండు పనులు చేయాలి: ఏం జరుగుతోందో తెలుసుకోవాలి, ఏ మాటతో చెబుతున్నారో పట్టుకోవాలి. కన్నప్ప కథ విషయంలో మొదటి పని ఎప్పుడో అయిపోయింది. లింగం కంటినుంచి నెత్తురు కారుతుందని తెలుసు, తిన్నడు తన కన్ను తీసి పెడతాడని తెలుసు, రెండో కన్ను ఎక్కడ పెట్టాలో గుర్తుకోసం కాలి బొటనవేలు ఆనిస్తాడని తెలుసు. అందువల్ల మనసు మొత్తం మాటలమీదే నిలుస్తుంది. 'బేడర కన్నప్ప'ను కన్నడం రాకుండా చూసినా ఏ సన్నివేశమూ అర్థం కాకుండా పోదు. రెండోసారి చూసేటప్పటికి కొన్ని మాటలు వాటంతట అవే తేలి వస్తాయి. దుకాణంలో టీ ఎంత, స్టేషన్‌కు దారేది అంటూ మొదలయ్యే పాఠ్యపుస్తకాలకు ఈ బలం ఉండదు. వాటిలో ఏం జరిగినా మనకేమీ పట్టదు.

మొదలుపెట్టడానికి మాత్రం తిన్నడి కథకన్నా, ఈ ఊరిదే అయిన మరో కథ, శివలింగాన్ని పూజించిన సాలీడు, పాము, ఏనుగుల కథ మేలు. అందులో మాటలు తక్కువ, పనులు ఎక్కువ. సాలీడు గూడు అల్లింది. దీపం మంట గూడును కాల్చింది. పాము మణులు తెచ్చింది. ఏనుగు వచ్చింది. ఏనుగు మణులను తోసింది. ఏనుగు నీళ్ళు పోసింది. పాముకు కోపం వచ్చింది. ఇలా పది వాక్యాలు ముందు తెలుగులో రాసుకోండి. ఒక్కో వాక్యంలో ఒక్కటే పని ఉండాలి. విశేషణాలు వద్దు, సమాసాలు వద్దు. మీరు ఏ భాష నేర్చుకున్నా మొదటి పది వాక్యాలు ఇవే.

కలంకారీ పట్టీ

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డలను జాగ్రత్తగా చూసినవాళ్ళకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. పెద్ద కథల పరదాల్లో బొమ్మలు వరసలు వరసలుగా, గడులు గడులుగా సాగుతాయి. గడి పక్కనో కిందో ఆ సన్నివేశం ఏమిటో తెలుగులో చిన్న వాక్యం రాసి ఉంటుంది. చింతబొగ్గుతో గీసి, వెదురు కలంతో నల్లగీత దిద్ది, కరక్కాయ, పటిక, మంజిష్ఠ వంటివాటితో రంగులు తేల్చిన ఆ గుడ్డ గుళ్ళో వేలాడితే, కథ చెప్పేవాడు ఒక్కో గడి చూపిస్తూ చెప్పుకుపోయేవాడు. ఈ కళ సన్నగిల్లిన రోజుల్లో, 1950లలో, కమలాదేవి చట్టోపాధ్యాయ ప్రోత్సాహంతో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. ఈ ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ దక్కింది.

భాష నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పనిముట్టు నాకు కనబడలేదు. బొమ్మ ఉంది, కింద ఒక్క వాక్యం ఉంది, వరస ఉంది. మీరూ ఒక పట్టీ చేయండి. పొడుగాటి కాగితం తీసుకుని పది గడులు గీసి, పది వాక్యాలకూ పది బొమ్మలు వేయండి. బొమ్మలు బాగా రానక్కర్లేదు, ఏనుగు ఏనుగని తెలిస్తే చాలు. బొమ్మ కింద కొత్త భాషలో వాక్యం రాయండి. తెలుగు మాట ఎక్కడా రాయకండి. ఈ నియమం తప్పకూడదు. తెలుగు మాట ఎదురుగా ఉంటే కన్ను అక్కడికే పోతుంది, కొత్త మాట దానికి తోకలా వేలాడుతుంది. బొమ్మ చూడగానే కొత్త మాట నోటికి రావాలి.

తర్వాత ఆ పట్టీని నాలుగు రకాలుగా వాడండి. మొదట వాక్యాలు పైకి చదవండి. రెండు మూడు రోజులయ్యాక వాక్యాలు కప్పి బొమ్మలు చూసి చెప్పండి. ఆపైన చివరి గడినుంచి మొదటికి రండి. అలా వెనక్కి చెప్పేటప్పుడు కంఠస్థం పనికిరాదు, భాష తెలిసుండాలి. చివరగా పట్టీ మడిచి పక్కన పెట్టి, కథను కాలం మార్చి చెప్పండి: వచ్చింది బదులు వస్తోంది, వస్తుంది. పది వాక్యాలతో ఆ భాష క్రియల తీరు సగం చేతికొస్తుంది.

పట్టీలోని మాటలు గుర్తుండటానికి పాత పెళ్ళిపత్రికలు మంచి సాధనం. వెనకవైపు ఖాళీగా ఉంటాయి, అట్ట గట్టిగా ఉంటుంది. చీటీలుగా కత్తిరించి ఒకవైపు బొమ్మ, రెండోవైపు మాట. ఒక డబ్బాను ఐదు అరలుగా చేసి చీటీలన్నీ మొదటి అరలో వేయండి. గుర్తొచ్చిన చీటీ తర్వాతి అరకు పోతుంది, మరిచిపోయింది మళ్ళీ మొదటి అరకు వస్తుంది. మొదటి అర రోజూ చూడాలి, చివరి అర నెలకోసారి చాలు. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో తన పుస్తకంలో ప్రచారం చేసిన పద్ధతి ఇది. దీని వెనకున్న సంగతిని అంతకు చాలా ముందే, 1885లో, హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ తనమీద తానే ప్రయోగాలు చేసి చూపించాడు. నేర్చినది మొదట్లో వేగంగా జారిపోతుంది, ఎడం ఇచ్చి మళ్ళీ మళ్ళీ చూస్తే ఎక్కువకాలం నిలుస్తుంది. ఫోన్లలో వచ్చే భాషా యాప్‌లు చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తాయి. యాప్ వాడుకోండి, తప్పు లేదు. అయితే దాని వాక్యాలు ఎవరో రాసినవి, మీ చీటీల్లోవి మీ కథలోవి.

ఏనుగు పామును చూసింది

ఇప్పుడు భాష ఎంచుకుందాం. పట్టీలోంచి ఒకే వాక్యం తీసుకుని నాలుగైదు భాషల్లో చూడండి, మీకేది దగ్గరో అదే చెబుతుంది.

ఏనుగు పామును చూసింది. కన్నడంలో: ఆనె హావన్ను నోడితు. తమిళంలో: యానై పాంబై పార్త్తదు. ఈ మూడింటిలో మాటల వరస ఒక్కటే. ఏనుగు ముందు, పాము తర్వాత, చూడటం చివర. 'ను' మనకెక్కడ అతుక్కుంటుందో, కన్నడంలో 'అన్ను', తమిళంలో 'ఐ' సరిగ్గా అక్కడే అతుక్కుంటాయి. అంటే వాక్యం కట్టడం మీకు ముందే వచ్చు, ఇటుకలు మార్చుకోవాలంతే. హిందీలో: హాథీ నే సాఁప్ కో దేఖా. వరస అదే, కానీ ఏనుగు పక్కన 'నే' అని కొత్తగా ఒకటి వచ్చి కూర్చుంది. అది హిందీలో జరిగిపోయిన పనికి మాత్రమే వస్తుంది, దాన్ని అలవాటు చేసుకోవడానికి కాలం పడుతుంది. సంస్కృతంలో: గజః సర్పమ్ అపశ్యత్. ఇక్కడ మాటలను అటూ ఇటూ మార్చినా అర్థం మారదు.

శ్రీకాళహస్తివాళ్ళకు నేను మొదట చెప్పేది కన్నడమే. లిపి సగం తెలిసినదే. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపినుంచి విడిపోయి ఆరేడు వందల ఏళ్ళే అయింది. మన తలకట్టు పైకి లేచే చోట వాళ్ళది అడ్డంగా సాగి కొసన వంగుతుంది. ఆ ఒక్క తేడాకు కన్ను అలవాటు పడితే బెంగళూరు బస్సుల బోర్డులు చదివేయొచ్చు. ఇక ధ్వనుల లెక్క ఒకటి పట్టుకోండి. తెలుగులో ప ఉన్న చోట కన్నడంలో చాలాసార్లు హ వస్తుంది: పాము–హావు, పాలు–హాలు, పులి–హులి, పువ్వు–హూవు, పన్ను–హల్లు. మన వ చాలాచోట్ల వాళ్ళకు బ: వేరు–బేరు, వెల–బెలె. మన చ ఉన్న చోట ఒక్కోసారి క: చెవి–కివి, చెయ్యి–కై. ఇలాంటి జంటలు కనబడినప్పుడల్లా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోండి. యాభై జంటలు పోగయ్యేసరికి, ఎప్పుడూ వినని కన్నడ మాటకు కూడా అర్థం ఊహించగలుగుతారు. భాషల సరదాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆనందం ఇదే: చుట్టరికం కళ్ళముందు బయటపడటం.

తమిళానికి రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి లిపి. అక్షరాలు మనకన్నా తక్కువ, కానీ క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకు ఒకటే. పాంబు అనే మాటలో మొదటి ధ్వనికీ చివరి ధ్వనికీ రాసేది ఒకే గుర్తు. ఎక్కడ ఎలా పలకాలో స్థానాన్ని బట్టి తెలుస్తుంది. రెండోది రాసే తమిళానికీ మాట్లాడే తమిళానికీ ఉన్న దూరం. పార్త్తదు అని రాసింది నోట పాత్తుదు అవుతుంది. మీకు కావలసింది గుడికి వచ్చే భక్తులతో మాట్లాడటమా, సంబందర్, అప్పర్, సుందరర్ పాడిన తేవారం అర్థం చేసుకోవడమా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. రెండూ ఒకేసారి పెట్టుకుంటే రెండూ సగంలో ఆగుతాయి. నన్నడిగితే మాట్లాడే తమిళంతో మొదలుపెట్టండి. మీ చుట్టూ గురువులు పుష్కలంగా ఉన్నారు.

దగ్గరి భాషల్లో మోసం చేసే మాటలు కూడా ఉంటాయి. తమిళుడు అవసరం అంటే తొందర అని. హిందీలో శిక్షా అంటే చదువు, ఉపన్యాస్ అంటే నవల. వీటికి నోటుపుస్తకంలో వేరే పేజీ పెట్టండి. ఇంకొక మాట: తమిళం, కన్నడం రెండూ ఒకేసారి మొదలుపెట్టొద్దు. అక్కచెల్లెళ్ళ వంటి భాషలు లేత దశలో ఒకదానిలోకి ఒకటి కారిపోతాయి. ఒకదానిలో పట్టీ మొత్తం తడుముకోకుండా చెప్పగలిగాకే రెండోది.

మాట్లాడటం

మాట్లాడటానికి సమయమూ మనిషీ చూసుకోవాలి. దర్శనం వరసలో నిలబడి, ఎండకు సొమ్మసిల్లుతున్న పెద్దాయనమీద మీ తమిళం ప్రయోగించకండి. దర్శనం అయి, ప్రసాదం చేతికొచ్చి, మెట్లమీద కూర్చున్న కుటుంబాన్ని పలకరించండి. "ఎంగేర్ందు వర్రీంగ?" అని అడిగితే చాలు. ఎక్కణ్ణుంచి వస్తున్నారని. కన్నడమైతే "యావ ఊరు?" ప్రశ్న ఒక్కటే మీది, మిగతాదంతా వాళ్ళది. మొదటి నెలల్లో మీ పని వినడమే. అర్థం కాకపోయినా మొహాన నవ్వు చెరగకుండా చివరిదాకా వినండి. మధ్యలో తెలుగులోకో ఇంగ్లీషులోకో దూకకండి. వెళ్ళిపోయాక గుర్తున్న ఒక్క మాట చీటీమీద రాసుకోండి.

సంస్కృతం మీద మనసున్నవాళ్ళకు తిరుపతి పక్కనే ఉంది. 1961లో విద్యాపీఠంగా మొదలైన సంస్థ 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అయింది. సంస్కృతభారతి వాళ్ళు చాలా ఊళ్ళలో రోజుకు రెండు గంటల చొప్పున పది రోజుల సంభాషణ శిబిరాలు పెడుతుంటారు. అక్కడ వ్యాకరణంతో కాకుండా మాటలతోనే మొదలవుతుంది. హిందీకి దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక్‌నుంచి ప్రవీణ్ దాకా తరతరాలుగా మన ఊళ్ళలో నడుస్తున్నవే. పరీక్ష ఉంటేనే చదువు సాగేవాళ్ళు కొందరుంటారు. మీరు అలాంటివారైతే ఆ దారి పట్టండి, సరదా ఏమీ తగ్గదు.

ఈ సీమలో భాషల మోజుకు పెద్ద పరంపరే ఉంది. తిరుపతిలో సంస్కృతం చదువుకున్న పుట్టపర్తి నారాయణాచార్యులు పద్నాలుగు భాషలు తెలిసినవారని పేరు. విశ్వనాథ 'ఏకవీర'ను మలయాళంలోకి మార్చింది ఆయనే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రాకృతంలోని గాథాసప్తశతిని తెలుగుచేశారు. ఆ తర్వాతి కాలంలో తిరుపతిలో కూర్చుని అన్నమయ్య రాగిరేకుల పాటలకు ప్రాణం పోశారు. ఇద్దరినీ భాషల్లోకి లాక్కెళ్ళింది సాహిత్యం మీది ప్రేమ. సీమ దాటి చూస్తే, పి.వి. నరసింహారావు గారు 'వేయిపడగలు'ను హిందీలోకి, ఒక మరాఠీ నవలను తెలుగులోకి తెచ్చి, స్పానిష్ కూడా నేర్చుకున్నారు. వీళ్ళ భాషల సంఖ్య చూసి బెదరకండి. ఎందుకు నేర్చుకున్నారో చూడండి.

కట్టిన భాషలు

మనుషులు కూర్చుని కల్పించిన భాషలంటే చాలామంది చప్పరిస్తారు. మాట్లాడటానికి ఎవరూ లేని భాష ఎందుకని. నేను వాళ్ళతో ఏకీభవించను. సహజ భాషకు అంతు ఉండదు. మీరు ఇరవై ఏళ్ళు నేర్చుకున్నా కొత్త మినహాయింపు ఎదురవుతూనే ఉంటుంది. కల్పించిన భాష వ్యాకరణం కొద్ది వారాల్లో ఆసాంతం చూడొచ్చు. ఒక భాష ఎలా నిలబడుతుందో లోపలినుంచి కనబడుతుంది. ఆ చూపుతో మళ్ళీ తెలుగును చూస్తే, రోజూ వాడే మాటలే కొత్తగా కనిపిస్తాయి.

వీటిలో ముందుగా చెప్పుకోవలసింది ఎస్పెరాంటో. దాన్ని కట్టిన జామెన్‌హాఫ్ 1859లో బియాలిస్టోక్‌లో పుట్టాడు. అప్పటి రష్యా సామ్రాజ్యంలో పోలిష్, రష్యన్, జర్మన్, యిడ్డిష్ నాలుగూ వినబడే ఊరు అది. భాషలు వేరైన చోట మనుషులు ఒకరినొకరు అనుమానంగా చూడటం చూసి పెరిగిన ఆ కుర్రాడు, ఎవరి సొంతమూ కాని భాష ఒకటుంటే బాగుండునని కలగన్నాడు. కంటివైద్యుడై, 1887లో వార్సాలో చిన్న పుస్తకం అచ్చువేశాడు. 1905లో ఫ్రాన్స్‌లోని బులోన్‌లో మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. 1954లో యునెస్కో దానికి అనుకూలంగా తీర్మానం చేసింది. ప్రపంచ భాష కావాలన్న కల నెరవేరలేదు, కానీ దాన్ని ఇష్టంతో మాట్లాడేవాళ్ళు ఈనాటికీ అన్ని ఖండాల్లో ఉన్నారు.

తెలుగువాళ్ళు దీన్ని చూస్తే ఆశ్చర్యపోతారు. పదసంపద యూరప్‌ది కాబట్టి ఆ పక్క మనకు కష్టమే. కానీ కట్టుబడి మనకు పరిచయమైనది. నామవాచకాలన్నీ 'ఓ'తో ముగుస్తాయి, విశేషణాలు 'ఆ'తో. మన పట్టీలోని వాక్యం: లా ఎలెఫాంతో వీదిస్ లా సెర్పెంతోన్. చివర ఉన్న ఆ 'న్' మన 'ను' చేసే పనే చేస్తుంది. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్ళు ఈ 'న్' దగ్గర తడబడతారు. మనకది పుట్టుకతో వచ్చిన అలవాటు. వాక్యం తిప్పి 'లా సెర్పెంతోన్ వీదిస్ లా ఎలెఫాంతో' అన్నా, పామును చూసింది ఏనుగు అన్న అర్థమే. ఇక ప్రశ్నల పట్టిక చూడండి. కీయె ఎక్కడ, తీయె అక్కడ. కీయమ్ ఎప్పుడు, తీయమ్ అప్పుడు. కీయెల్ ఎలా, తీయెల్ అలా. జామెన్‌హాఫ్ కూర్చుని గీసిన ఈ పట్టిక మన సీమలో పసిపిల్లలు "యాడ, ఆడ, ఈడ" అంటూ ఆడుకునేదే. పైగా మనకు దగ్గరున్నదానికి విడిగా ఇ-వరస ఉంది, ఎస్పెరాంటోలో ఇక్కడ అనాలంటే 'చీ తీయె' అని రెండు మాటలు కావాలి. వ్యతిరేకార్థానికి ముందు 'మల్' తగిలిస్తే చాలు: బోనా మంచి, మల్‌బోనా చెడు. చోటు చెప్పాలంటే 'ఏయో': లేర్ని నేర్చుకోవడం, లెర్నేయో బడి. వంద మూలాలు తెలిస్తే వాటినుంచి ఎన్నో మాటలు మీరే పుట్టించుకోవచ్చు.

ఇంకా చిన్నది కావాలంటే కెనడాకు చెందిన సోన్యా లాంగ్ 2001లో బయటపెట్టిన టోకి పోనా ఉంది. మొత్తం మాటలు సుమారు నూట ఇరవై. వాటితో సాలీడు–పాము–ఏనుగు కథ చెప్పడానికి ప్రయత్నించండి. మణి అనే మాట లేదు, ఏమంటారు? అందమైన రాయి అంటారా, మెరిసే రాయి అంటారా, పాముకు ఇష్టమైన రాయి అంటారా? ఏదో ఒకటి తేల్చాలంటే మణి అంటే అసలేమిటో ముందు మీరు తేల్చుకోవాలి. పది వాక్యాల కథ ఒక సాయంత్రమంతా పడుతుంది, ఆ సాయంత్రం వృథా కాదు.

మన సినిమాకూ ఒక భాష ఉంది. 2015లో 'బాహుబలి'లో కాలకేయుల నాయకుడి నోట అందరినీ వణికించిన కిలికి భాషను కట్టింది తమిళ గీత రచయిత మదన్ కార్కి. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలతో దాన్ని అల్లాడు. అందులో 'మిన్' అంటే నేను, 'నిమ్' అంటే నువ్వు. ఒకదాన్ని తిప్పితే ఇంకొకటి. పిల్లల కోసం అంతకుముందు తాను సరదాగా చేసిన భాషే దీనికి విత్తనమని ఆయన చెప్పాడు. 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంనాడు, దాన్ని ఎవరైనా నేర్చుకునేలా జనం ముందు పెట్టాడు.

కానీ సొంత భాష కట్టడం మనకు సినిమాతో మొదలైనది కాదు. క-భాష ఆడని తెలుగు పిల్లలు ఏ తరంలోనూ లేరు. ప్రతి అక్షరం ముందు క చేర్చి, రా అనడానికి "కరా" అనీ, అమ్మ అనడానికి "కఅకమ్మ" అనీ పెద్దవాళ్ళ ముందే గుట్టుగా మాట్లాడేసుకోవడం. అది మాటను అక్షరాలుగా విడదీయడం నేర్పుతుంది, వేగంగా మాట్లాడాలంటే ఆ విడదీయడం ఆలోచన లేకుండా జరగాలి. ఇంట్లో పిల్లలుంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. తర్వాత ఒక మెట్టు ఎక్కించండి: మన భాషలో వాడే ధ్వనులు ఏవి, వాడనివి ఏవి? ఒకటికీ చాలాటికీ తేడా ఎలా చెబుదాం? జరిగిపోయిన పనికి ఏ గుర్తు? ఈ మూడింటికి జవాబులు రాసుకున్నాక ముప్పై మాటలు పుట్టించి పట్టీలోని పది వాక్యాలు ఆ భాషలో చెప్పించండి. పదేళ్ళ పిల్ల ఎవరూ అడగకుండానే "చూశాడు, చూసింది ఎందుకు వేరేగా ఉండాలి, ఒకటే పెడదాం" అంటుంది. వ్యాకరణమంటే ఏమిటో ఏ బడి చెప్పలేనంత బాగా ఆ పిల్లకు ఆ క్షణాన తెలిసిపోతుంది.

ఎంతసేపు, ఎప్పటిదాకా

రోజుకు ఇరవై నిమిషాలు. అంతకన్నా ఎక్కువ పెట్టుకోకండి, ముఖ్యంగా మొదట్లో. చీటీలకు ఏడెనిమిది నిమిషాలు, పట్టీకి ఐదు, మిగిలింది వినడానికి. సినిమా చూస్తే ఇరవై నిమిషాలకే ఆపేసి, రేపు అక్కణ్ణుంచే చూడండి. ఒక సహజ భాష, ఒక కట్టిన భాష పక్కపక్కన పెట్టుకోవచ్చు, అవి కలగలిసిపోవు. ఒక భాష నచ్చకపోతే వదిలేయండి. సరదాకున్న హక్కే అది. అయితే వదిలేముందు పట్టీ మాత్రం పూర్తిచేయండి. పది వాక్యాలు చెప్పగలిగిన భాష ఎప్పుడైనా మళ్ళీ తెరుచుకుంటుంది.

మొదటి పట్టీ అయ్యాక తిన్నడి దగ్గరికి రండి. ఈసారి ఇరవై గడులు. వాక్యాలు మీరు రాయకండి. తమిళం ఇంటిభాషగా ఉన్న పెద్దావిడ ఎవరినైనా "కణ్ణప్పర్ కదై చొల్లుంగ పాట్టి" అని అడగండి, కన్నప్ప కథ చెప్పండి అవ్వా అని. ఆవిడ ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేసుకుని, ఒక్కో వాక్యం వింటూ గడుల్లో నింపండి. మీరు చిన్నప్పుడు విన్న కథకూ ఆవిడ చెప్పినదానికీ తేడాలు వస్తాయి. తిన్నడు అక్కడ తిణ్ణన్. గుడి పూజారికి శివగోచరియార్ అని పేరుంటుంది. తిణ్ణన్ పూజ ఆరు రోజులు సాగుతుంది. తేడా వచ్చిన గడి పక్కన ఖాళీ వదిలి, ఇంకొకరిని కన్నడంలో అడగండి. వాళ్ళు చెప్పింది ఆ ఖాళీలో రాయండి.